ఫోటోలో పడని వైపు

రండమ్మా, ఇటు జరగండి. ఆ చివర ఇద్దరూ కాస్త మాటలాపండి. పార్శిల్ లైను ఎలాగూ కదలదు, లోపల గుమాస్తా టీకి పోయాడు, నా కథ అయ్యేదాకా రాడు. మీ మూటలు కింద పెట్టుకుని వాటి మీదే కూర్చోండి. నేను గోడగా ఉద్యోగం చేసిన సంగతి చెప్తాను.

నవ్వకండి, నిజం గోడే. మా ఆయన ఫోనులో సంచులు అమ్మేవాడు. కుట్టేది నేను. దర్జీ కొట్లో మిగిలిన ముక్కలు ఏరుకొచ్చి, రంగు పక్కన రంగు పెట్టి అతికేదాన్ని. ఫోటోలు తీసేది ఆయన. అమ్మకం పేజీలో మొహం ఆయనది, దాని కింద 'నా చేతులతో చేసినవి' అని రాత. ఆ చేతుల సంగతికి వస్తున్నా, ఆగండి.

వస్తువు వెనక తెల్లగా ఉంటే ఫోటో బాగా వస్తుందని ఫోటోలు తీయడం నేర్పే వీడియోలో చెప్పారట. మా ఇంట్లో వెలుతురొచ్చే కిటికీ ఒక్కటే, అదీ అంట్లు తోమే చోట. అక్కడ గోడంతా చెమ్మ, పెచ్చులు. అందుకని బల్ల మీద సంచి, బల్ల వెనక తెల్ల దుప్పటి, దుప్పటి వెనక నేను, రెండు చేతులూ పైకెత్తి చెరో మూలా పట్టుకుని.

"కదలకే, ముడత పడుతోంది."

"మేకు కొట్టొచ్చుగా అండీ."

"చెమ్మగోడకి మేకేం ఆగుతుంది? నువ్వున్నావుగా."

పద్నాలుగేళ్ళ కాపురంలో ఆయన నన్ను మెచ్చుకున్న మాట అదొక్కటే.

ఎంతసేపు నిలబడేదాన్నంటే, ఒకరోజు ఒక బల్లి నన్ను గోడే అనుకుని మోచేతి మీద గుడ్లు పెట్టింది. మూడు పిల్లలు. ఇప్పటికీ నన్ను చూస్తే అమ్మమ్మొచ్చిందన్నట్టు తోకాడిస్తాయి. ఇంకోరోజు పక్కింటాయన వచ్చి నాకు క్యాలెండరు తగిలించబోయాడు. చేతులు సాగి జానెడు పొడుగయ్యాయి, కింద సూది పడితే ఇప్పుడు వంగకుండా తీస్తాను. నమ్మకపోతే సూది పడేసి చూడండి.

మా అత్తయ్య కుర్చీలోంచి అనేది, "వాడు ఒళ్ళొంచి ఫోటోలు తీస్తుంటే నీకు నిలబడ్డానికేమే నొప్పి? నిలబడ్డం కూడా ఒక పనేనా?"

అదంతా పోనీండి. దుప్పటికి రెండు వైపులుంటాయి కదా. ఫోనుకి కనపడే వైపు నేను రోజూ ఉతికి ఇస్త్రీ చేసే వైపు. నా మొహానికి తగిలే వైపు మాత్రం ఆయనది. అన్నం తిని చెయ్యి కడుక్కోకుండా వచ్చి ఆ వైపు తుడుచుకునేవాడు. నూనె వేళ్ళు, కూర వేళ్ళు. జలుబు చేస్తే ముక్కూ అక్కడే. ఎంత ఉతికినా ఆ మరకలు పోయేవి కావు, ఒకదాని మీద ఒకటి పేరుకునేవి. "ఏవండీ, రోతగా ఉంది" అంటే, "ఆ వైపు ఫోటోలో పడదులేవే" అనేవాడు. ఆ మాట ఆయనకి మంత్రమైపోయింది. ఎత్తకుండా వదిలేసిన ఎంగిలి కంచం నుంచి నా జ్వరం దాకా దేనికైనా అదే మందు. ఒకసారి దుప్పటి పక్క నుంచి నా చెయ్యి, సూది పొడిచి వాచిన వేలు, ఫోటోలో పడింది. ఎవరో కొనేవాళ్ళు "ఆ చెయ్యెవరిది?" అని అడిగారు. "పనిమనిషిది" అని రాశాడు. రాసి, నాకే చదివి వినిపించి నవ్వాడు. నేను కూడా నవ్వాను చూడండీ, దానికి నా మీద నాకే రోత పుట్టింది. దుప్పటి వెనకే నిలబడి, ఆయన రోజూ పెట్టుకుని చూసే ఆ ఫోటోల పాఠం వీడియో చెవులారా విని మొత్తం నేర్చుకున్నాను. వెలుతురు పక్క నుంచి రావాలి. రెండో పక్క తెల్ల అట్ట పెడితే నీడ చస్తుంది. ఫ్లాష్ వెయ్యకూడదు. బొమ్మని లాగి పెద్దది చెయ్యకూడదు, మనమే దగ్గరికి నడవాలి. అన్నిటికన్నా ముందు లెన్సు తుడవాలి. ఆయన అదొక్కటీ చేసేవాడు కాదు, దాని మీద ఎప్పుడూ ఓ జిడ్డు వేలిముద్ర.

ఒకనాడు పొద్దున్నే పెద్ద దుకాణం నడిపే ఒకావిడ ఆయనకి ఫోన్ చేసింది. "ఫోటోలు మరీ అందంగా ఉన్నాయి, అందుకే నమ్మబుద్ధి కావట్లేదు. వీడియో కాల్‌లో చూపించండి. నచ్చితే ఏడాది పొడుగునా మీ దగ్గరే తీసుకుంటాను."

ఏడాది పొడుగునా కుట్టబోయేది నేను. కానీ నా కుట్టుని చూసి ఆవిడ మెచ్చుకోబోయేది ఆయన్ని.

బల్ల, సంచి, దుప్పటి, నేను. ఆ వారం ఆయనకి జలుబు. నా ముక్కుకి బెత్తెడు దూరంలో వారం జలుబు, దాని పక్కన అప్పుడే తిన్న టిఫిను చెయ్యి, ఇంకా తడిగా. ఊపిరి బిగబట్టి వింటున్నాను.

"లోపల కుట్టు ఒక్కటీ కనపడట్లేదే! సంచిని ఎలా తిరగేశారండీ?" అందావిడ.

"చేత్తోనేనండీ" అన్నాడు మా ఆయన.

"అది కాదు, ఎక్కడి నుంచి తిరగేశారు?"

"ఇంటి నుంచేనండీ!"

నాకు నవ్వొచ్చింది, నవ్వుతో పాటు గట్టిగా ఊపిరి పీల్చాను. అంతే, ఆ వాసన లోపలికి పోయింది. కోపం కాదమ్మా వచ్చింది, వాంతి. ఆయన మురికికి కాదు. ఇన్నాళ్ళూ దానికి మొహం ఆనించి, ఎవరికీ కనపడదుగా అని నాకు నేనే చెప్పుకున్నందుకు. నా సంచికి లోపలి వైపు కూడా బయటి వైపంత శుభ్రంగా ఉంటుంది. నేనెందుకు లేను?

చేతులు దించాను. బల్ల చుట్టూ తిరిగొచ్చి, ఆయన చేతిలోంచి ఫోను తీసుకుని, దుప్పటి మూలలు రెండూ ఆయన చేతుల్లో పెట్టాను.

"కాసేపు మీరు పట్టుకోండి."

దుకాణం ఆవిడ చూస్తోంది కదా, పరువు! కిక్కురుమనకుండా నా చోటికి వెళ్ళి దుప్పటి ఎత్తాడు. ఆ కంగారులో తిరగేసి ఎత్తాడు. ఉతికిన తెలుపు ఆయన ముక్కు ముందు, ఏళ్ళ తరబడి తుడిచిన తుడుపంతా మా వైపు. ఆయనకి తెలీదు. నేను చెప్పలేదు.

లెన్సు చేతి గుడ్డతో తుడిచాను. కిటికీకి అడ్డం తప్పుకుని, సంచికి దగ్గరగా నడిచి, కుట్టు మీద వేలు ఆనించాను. బొమ్మ తేటపడింది.

"అడుగున నాలుగు వేళ్ళ సందు వదులుతానండీ. ఆ సందులోంచి సంచి మొత్తాన్ని బయటికి లాగి, కనపడకుండా మూసేస్తాను. ఇదిగో, ఇక్కడ."

"ఇప్పుడు తెలుస్తోంది! అమ్మా, మీరెవరు?"

'గోడనండీ' అనబోయాను. నాలిక చివరి దాకా వచ్చింది.

"కుట్టేదాన్నండీ. నా నంబరు వేరే ఉంది, రాసుకోండి."

నంబరు చెప్తుంటే దుప్పటి కదిలింది. "ఒసే..." అని వినపడింది.

"కదలకండి," అన్నాను, "ముడత పడుతోంది."

సరిగ్గా అప్పుడే పార్శిల్ తీసుకెళ్ళే అతను గుమ్మంలోకొచ్చాడు. సంచుల వంక చూడనైనా చూడలేదు. దుప్పటి వంకే తల ఇటు వంచి, అటు వంచి, దగ్గరికొచ్చి అడిగాడు కదా:

"అమ్మా, ఈ డిజైను భలే ఉంది, మా ఆవిడకి ఒకటి కావాలి. చేత్తో వేసిందా, అచ్చు వేసిందా?"