సూదికీ మల్లప్పకూ కుస్తీ

చిరాగ్‌పల్లి మల్లప్పను చూసి జంకని మనిషి ఆ చుట్టుపక్కల లేడు. జహీరాబాద్ మార్కెట్లో అల్లం బస్తాను తలగడ ఎత్తినట్టు ఎత్తి లారీలో పడేస్తాడు. జాతరల్లో టెంకాయ బహుమానంగా ఇచ్చే కుస్తీలు, చిల్లర కుస్తీలు అన్నీ అయ్యాక చివర్న వెండి కడెం కుస్తీ ఉంటుంది చూడండి, అది అతనిదే. అతను గోదాలోకి దిగి తొడ కొడితే ముందు వరసలో కూర్చున్నవాళ్లు ఒక గజం వెనక్కి జరుగుతారు.

అలాంటి మల్లప్ప భయపడేది లోకంలో ఒక్కదానికే. అది బారెడూ కాదు, మూరెడూ కాదు. సూది.

చిన్నతనంలో పిచ్చికుక్క కరిస్తే దవాఖానలో బొడ్డు చుట్టూ సూదులు పొడిచారు. కదలకుండా నలుగురు కాళ్లూ చేతులూ అదిమి పట్టుకున్నారు. మళ్లీ ఎవడూ తనను అలా అదిమి పట్టకూడదనే పైల్వాన్ అయ్యాడేమో కూడా. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్న గిరిజమ్మకు కూడా చెప్పలేదు. చెప్పుకునే సంగతా అది?

డెబ్భై ఆరులో శివరాత్రి ముందర సరిహద్దు అవతల ఊళ్లలో గత్తర, అదే కలరా, లేచింది. వాంతులు, విరేచనాలు, చూస్తుండగానే మనిషి గుంజుకుపోవడం. ఝరాసంగం జాతరకు వచ్చేవాళ్లందరూ ముందుగా సూది వేయించుకోవాలని టముకు వేశారు. మర్నాడే దవాఖాన జీపు చిరాగ్‌పల్లి బడి ముందు ఆగింది. అందులోంచి నర్సు బాలమణి దిగింది. సన్నటి మనిషి, చేతిలో గొడుగు, సంచిలో కిరోసిన్ స్టవ్వు. వరండాలో స్టవ్వు ముట్టించి గిన్నెలో సూదులు మరగబెట్టింది.

ఊరి పైల్వాన్ ముందుండాలని అందరూ మల్లప్పను వరస మొదట్లోనే నిలబెట్టారు. గిన్నెలో సూదులు గలగలమంటున్నాయి. ఆ చప్పుడు చెవిన పడగానే అతనికి పరిగెత్తాలనిపించింది. కానీ పైల్వాన్ పరిగెడితే ఇంకేమైనా ఉందా? కాళ్లు చేయలేని పని నోరు చేసింది.

"నాకొద్దు నర్సమ్మా," అన్నాడు గట్టిగా, అందరికీ వినపడేలా. "జాతరల కుస్తీ ఉన్నది నాకు. సూది పడ్డ చెయ్యి ఆర్నెల్లదాంక పట్టుకు రాదు. బీదర్ల ఒక పైల్వాన్‌ది గిట్లనే ఖరాబైంది."

ఆ బీదర్ పైల్వాన్ ఎవరని ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే మల్లప్పకూ తెలియదు.

"బలం ఏడికి పోదు పైల్వాన్," అంది బాలమణి. "చెయ్యి ఒకటి రెండు దినాలు నొస్తది. జర ఒళ్లు కాలుతది. అంతకు మించి ఏం కాదు."

"చూసిన్రా, నొస్తదని ఆమెనే అంటున్నది!" అన్నాడు వరసలో వెనక నిలబడ్డ గుండయ్య.

నిజం చెప్పేవాళ్లకు ఇదొక తిప్పలు. వినేవాళ్లు సగం విని మిగతా సగం సొంతంగా కల్పించుకుంటారు. మధ్యాహ్నానికి ఆ మాట చెరుకు తోటలకు చేరింది. సూది పడ్డ చేత్తో కొడవలి లేవదన్నారు. ఆడవాళ్లు జొన్నరొట్టె కొట్టడం ఇక మరిచిపోవాల్సిందేనన్నారు. పొద్దుగూకే వేళకు, మగపిల్లలకు వేస్తే పెద్దయ్యాక మీసం రాదని కూడా తేలిపోయింది. బాలమణి మరగబెట్టిన సూదులు గిన్నెలో అలాగే చల్లారిపోయాయి.

ఇంటికొచ్చిన మల్లప్పకు గిరిజమ్మ రొట్టె, పుంటికూర పెట్టింది. ఆమె మొహం వెలిగిపోతోంది.

"నర్సమ్మ మన గల్లీలకొచ్చింది. సంగమ్మను జొన్నల గుమ్మిల కూసోబెట్టి పైన చాట మూసిన. దొరకనియ్యలే," అంది.

నాలుగేళ్ల సంగమ్మ జుట్టు నిండా జొన్నపొట్టుతో తండ్రిని చూసి నవ్వింది.

"మా అక్కోళ్ల ఊర్ల గత్తరొచ్చి ఇద్దర్ని దవాఖానకు తోలిన్రట. బిడ్డకు సూది ఏపిద్దామనే అనుకున్న. కని నువ్వే వద్దన్నంక ఇంకేమున్నది? నువ్వు ఉత్తగ అనవు కదా," అంది గిరిజమ్మ.

మల్లప్ప నిజం చెప్పాలంటే అదే సమయం. చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. తెరిచిన నోట్లో రొట్టె ముక్క పెట్టుకుని నమిలాడు. అంత పెద్ద మనిషిలో అంత పిరికితనం ఎక్కడ పట్టిందో దేవుడికే తెలియాలి.

మర్నాడు బాలమణి మళ్లీ వచ్చి వరండాలో ఒంటరిగా కూర్చుంది. కాసేపటికి అల్లం సావుకారి రేవణసిద్ధప్ప వచ్చాడు. ఊళ్లో తగవులు తీర్చేది ఆయనే. తగవు లేని రోజు ఆయనకు అన్నం సయించదు.

"నర్సమ్మా, నువ్వు బలం పోదంటున్నవ్, మల్లప్ప పోతదంటున్నడు. మాటలెందుకు, పరీక్ష పెడదాం," అన్నాడు. "మొగుడంపల్లి పైల్వాన్ శివరాజ్ సూది ఏసుకున్నడు. మనోడు ఏసుకోలె. ఇద్దరూ కుస్తీ పడ్తరు."

"శివరాజ్ ఇంతకుముందు మల్లప్పను ఎన్నడన్న పడగొట్టిండా?" అని అడిగింది బాలమణి.

"లేదు. ఎప్పుడు పట్టినా ఓడిండు."

"మరి ఇప్పుడు ఓడితె అది సూది వల్లనని ఎట్లంటరు సావుకారీ?"

"ఓడితె సూది బలం తీసినట్టు. గెలిస్తె సూది బలమిచ్చినట్టు."

"ఇద్దర్ల ఎవరూ పడకపోతె?"

సావుకారి గడ్డం గోక్కున్నాడు. "సూదిల ఉన్నది ఉత్త నీళ్లన్నట్టు."

"ఒక్క కుస్తీతోని తేలేది కాదిది," అంది బాలమణి. "సూది పడ్డోళ్లు వందమంది, పడనోళ్లు వందమంది, ఇద్దరి బలం ముందుగాల సమానముండాలె. అప్పుడు చూడాలె."

"వంద కుస్తీలా!" సావుకారి కళ్లు మెరిశాయి. అంతలోనే ఆరిపోయాయి. "అంతమంది పైల్వాన్లను యాడికెల్లి తేను? ఒక్కటే ఉండనీ."

అలా చిరాగ్‌పల్లిలో కుస్తీ నేర్చే తాలీంఖానాలో మర్నాటికి కుస్తీ ఖాయమైంది. బాలమణి కూడా వచ్చింది, స్టవ్వూ సంచీతో సహా. గాలి తన వైపు తిరగకపోతుందా అని ఆమె ఆశ.

డప్పులు మోగాయి. ఎర్రమట్టి గోదా చుట్టూ ఊరంతా కూర్చుంది. మల్లప్ప దిగుతూ ఆడవాళ్ల వైపు చూశాడు. గిరిజమ్మ సంగమ్మను చంకనెత్తుకుని నిలబడి ఉంది. మొగుడు గెలుస్తాడనీ, మొగుడి మాట నిజమవుతుందనీ ఆమెకు ఇసుమంత అనుమానం లేదు. ఆ నమ్మకం చూసేసరికి అతనికి లెక్క అర్థమైంది. తను గెలిస్తే ఈ ఊళ్లో ఇక ఒక్కరూ సూది వేయించుకోరు. ఆ పిల్ల కూడా. గత్తర వచ్చి గుమ్మం ముందు నిలబడితే అప్పుడు ఏ పట్టు, ఏ దావు వేసి పడగొట్టాలి దాన్ని?

ఓడిపోదామని తేల్చుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతను చేసిన మొదటి మంచి ఆలోచన అది కాకపోవచ్చు గానీ, అన్నిటికంటే కష్టమైనది మాత్రం అదే.

కానీ ఓడాలంటే అవతలివాడు గెలవాలి కదా. శివరాజ్‌కు సూది వేయించుకున్న నాడు ఏమీ కాలేదు. ఒక పూట చెయ్యి నొప్పెట్టి తగ్గిపోయింది. మల్లప్ప చెప్పిన బీదర్ కథ చెవిన పడిన దగ్గర్నుంచి మాత్రం భుజం లాగేస్తోంది, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, రాత్రి ముద్ద కూడా ఎడమ చేత్తో తిన్నాడట. గోదాలో అతను ఆ చేతిని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎదకు హత్తుకుని తిరుగుతున్నాడు.

మల్లప్ప మెడ ఇచ్చాడు. శివరాజ్ పట్టలేదు. కాలు ముందుకు పెట్టి ఇచ్చాడు. శివరాజ్ ఆ కాలు చుట్టూ తిరిగి వెళ్లాడు.

"పట్టురా!" అన్నాడు మల్లప్ప పళ్ల సందుల్లోంచి.

"నువ్వే పట్టు, నా చెయ్యి లేస్తలేదు," అన్నాడు శివరాజ్ దీనంగా.

ఇక లాభం లేదని మల్లప్ప మోకాళ్ల మీద కూలబడి, వెల్లకిలా పడటానికి ఒక పక్కకు ఒరిగాడు. అది చూసి శివరాజ్, ఇదేదో కొత్త దావు, కింద నుంచి లేపి విసిరేస్తాడు అనుకుని వెనక్కి దూకాడు. మడమ మట్టిలో దిగబడింది. రెండు భుజాలూ నేలకానేలా వెల్లకిలా పడ్డాడు.

ఊరు ఊరంతా లేచి ఈల వేసింది. "ముట్టకుండనే పడ్డడు! సూది బలమంత గుంజేసింది!" అని గుండయ్య గంతులు వేశాడు. సావుకారి తీర్పు చెప్పడానికి గొంతు సవరించుకున్నాడు. బాలమణి సంచి భుజాన వేసుకుంది. గిరిజమ్మ పిల్లను సర్దుకుని ఇంటి దారి పట్టింది.

"ఆగున్రి!" అని అరిచాడు మల్లప్ప. డప్పులు ఆగిపోయాయి. "అంత అబద్ధం. బీదర్ల పైల్వానూ లేడు, వాని చెయ్యీ లేదు. నాకు సూదంటె భయం. గందుకే గట్ల చెప్పిన."

సావుకారి కళ్లు తుడుచుకున్నాడు. "ఎంత పెద్ద మనసు చూడున్రి! ఓడినోని ఇజ్జత్ కాపాడుతున్నడు."

"కాదు సావుకారీ, నిజంగనే భయం. చెమటలు పడ్తయి."

"గెలిచి కూడ ఎంత అణకువ!" అన్నాడు సావుకారి. జనం చప్పట్లు కొట్టారు.

మల్లప్పకు తలప్రాణం తోకకొచ్చింది. ఇన్నేళ్లు దాచిన మాట చెప్పడానికి ప్రాణం పోయినంత పనైతే, చెప్పాక నమ్మేవాడు లేడు! అబద్ధం చెప్పినప్పుడు ఊరంతా నమ్మిందే! కోపంతో గోదా దాటి తిన్నగా బాలమణి ముందుకెళ్లి నిలబడ్డాడు.

"ఎయ్యి నర్సమ్మా. అందరి ముంగట ఎయ్యి."

"వద్దు మల్లన్నా! జాతర దగ్గరున్నది!" అని జనం అరిచారు.

బాలమణి స్టవ్వు ముట్టించింది. సూది మరిగేదాకా మల్లప్ప బండరాయిలా నిలబడ్డాడు. సూది తీసింది. సీసాలోంచి మందు ఎక్కించింది. పైకెత్తి వేలితో టకటకమని కొట్టి కొంచెం నొక్కింది. సూది కొన మీద ఒక చుక్క నిలిచి ఎండకు మెరిసింది.

మల్లప్ప ఆ చుక్కను చూశాడు. కనుగుడ్లు పైకి తిరిగాయి. లారీలోంచి బస్తా జారినట్టు దబ్బున నేలమీద పడ్డాడు.

"సూది సంపిందిరో!" అన్నాడు గుండయ్య. ఆడవాళ్లు ఏడుపు ఎత్తుకున్నారు.

"ఎవరికేసిన?" బాలమణి గొంతు అంత గట్టిగా ఉంటుందని ఎవరూ అనుకోలేదు. సూదిని తలపైకెత్తి చూపింది. "మందు మందే ఉన్నది. ఇంకా చెయ్యి కూడ తుడవలే. వచ్చి చూడున్రి!"

సావుకారి కళ్లద్దాలు పెట్టుకుని మల్లప్ప ఎడమ భుజం వెతికాడు. కుడి భుజం వెతికాడు. న్యాయం కోసం వీపు కూడా చూశాడు. ఎక్కడా సూది దిగిన పొక్క లేదు.

"ముట్టకుండనే పడ్డడు," అన్నాడు నెమ్మదిగా.

ఆ మాట ఆయన నోట రాగానే అందరికీ ఒక్కసారే వెలిగింది. మొదట ఎవరు నవ్వారో తెలియదు. గుండయ్య పొట్ట పట్టుకుని కూలబడ్డాడు. శివరాజ్ తన చేతిని ఒకసారి పైకెత్తి, గిరగిరా తిప్పి, "అరె, నొస్తలేదు!" అని కేక పెట్టాడు.

గిరిజమ్మ నవ్వలేదు. జనాన్ని తోసుకుంటూ వచ్చి, మొగుడి గుండె మీద చెయ్యి పెట్టి చూసింది. ఊపిరి ఆడుతోంది. లేచి సంగమ్మ చొక్కా చెయ్యి పైకి మడిచింది. "ముందుగాల దీనికెయ్యి నర్సమ్మా. ఎనుక నాకు."

మల్లప్పకు తెలివొచ్చేసరికి సావుకారి కండువాతో విసురుతున్నాడు. గోదా చుట్టూ వరస తిరిగి ఉంది. వరసలో ప్రతివాడూ అతన్ని చూసి నవ్వుతున్నాడు. సంగమ్మ ఏడ్చిన కళ్లతోనే జబ్బ చూపించింది. అతనికి సిగ్గుతో నేలలోకి దిగిపోవాలనిపించింది. అయినా ఆ పిల్ల జబ్బ మీద స్పిరిట్ తడి చూశాక గుండెల్లోంచి ఏదో బరువు దిగింది.

గిరిజమ్మ అతని పక్కన కూర్చుంది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి, కోపమూ ఉంది.

"నీ మాట మీద బిడ్డను గుమ్మిల దాసిన," అంది. "ఇంకోపారి భయమైతె ఊరికి చెప్పకు. నాకు చెప్పు."

మల్లప్ప తలూపాడు. బాలమణి కొత్త సూదితో వాళ్ల వైపు వస్తోంది. అతను గబుక్కున గిరిజమ్మ చెయ్యి పట్టుకున్నాడు.

"గిరిజా," అన్నాడు చిన్న గొంతుతో, "భయమైతున్నదే."

ఆమె రెండో అరచేత్తో అతని కళ్లు మూసింది. "ఎయ్యి నర్సమ్మా," అంది.