మౌనవ్రతంలో పడవ షికారు

ముప్పై ఏళ్లు కుట్టుమిషను తొక్కిన దర్జీ, దుకాణానికి తాళం వేసి ఆరు నెలల యాత్రకు బయలుదేరింది. తోడుగా ఆమె అన్నయ్య భార్య వచ్చింది. వదిన బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. ఊళ్లు చూడడం కూడా తనిఖీలాగే చేసేది. పొద్దున కోట, మధ్యాహ్నం మ్యూజియం, సాయంత్రం జలపాతం. చూసినంతసేపూ నోటికి తెరిపి లేదు.

నాలుగో నెలకల్లా దర్జీకి మోకాళ్లు వాచాయి, చెవులు దిబ్బళ్లు పడ్డాయి. దాంతో సరస్సు ఒడ్డున ఒక ఆరోగ్య విడిదిలో ఐదు రోజులకు గది తీసుకుంది. పొద్దున నూనె మర్దన, ఆవిరి స్నానం. మధ్యాహ్నం చుట్టుపక్కల వింతలు చూపిస్తారు. వదినకు ఆ వింతల ముక్క ఒక్కటే చెప్పింది. మౌనవ్రతం సంగతి గేటు దగ్గర బయటపడింది.

"ఐదు రోజులు మాట్లాడకూడదా? ఊపిరైనా పీల్చుకోనిస్తారా?" అంది వదిన.

"లోపలి శబ్దం వినండమ్మా," అన్నాడు విడిది గురువు, నున్నటి గుండు నిమురుకుంటూ.

"నా లోపల ఆకలి శబ్దమే నాయనా."

మర్దన బల్ల మీద "తొడపాశం పెడుతున్నావా, మర్దన చేస్తున్నావా?" అని అరిచి ఒకసారి, కోటలో గైడు చెప్పిన మెట్ల లెక్క సరిదిద్ది మరోసారి వదిన దొరికిపోయింది. ఇంకోసారి నోరు విప్పితే పంపించేస్తానన్నాడు గురువు. దర్జీకి మాత్రం ఒళ్లు దూదిపింజలా ఉంది.

నాలుగో రోజు విడిదిలో ఉన్న ఇరవై మందినీ పడవలో పక్షుల దీవికి తీసుకెళ్లారు. అక్కడ గురువు ఒక బండ మీద కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఇంతలో మబ్బు పట్టింది. పడవవాడు హడావుడిగా అందరినీ ఎక్కించి ఇంజను వేశాడు. గురువు ఎక్కకపోవడం ఇరవై మందీ చూశారు. ఒక్కరూ నోరు మెదపలేదు. ఒకాయన దీవి వైపు వేలు చూపిస్తే, "అవును సార్, చాలా అందంగా ఉంటుంది," అన్నాడు పడవవాడు.

గురువు కళ్లు తెరిచి నీళ్లలోకి పరుగెత్తాడు. చేతులూపాడు. పడవలో వాళ్లూ చేతులూపారు. వదిన పెదవుల మీద వేలు పెట్టుకుంది. కళ్లలో పట్టరాని సంబరం.

నడుములోతు నీళ్లలో ఆ మనిషిని చూసి దర్జీ ఆగలేకపోయింది. "ఆపవయ్యా బాబూ!" అని కేక పెట్టింది.

తడిసి ముద్దై ఎక్కిన గురువు అడిగిన మొదటి మాట: "ఎవరు మాట్లాడింది?"

దర్జీ చెయ్యెత్తబోయింది. వదిన ఆ చెయ్యి పట్టి కిందికి లాగింది. "నేనే."

"నాకు తెలుసు!" అన్నాడు గురువు.

గదిలో వదిన చకచకా బట్టలు సర్దుతుంటే దర్జీ గుసగుసగా అడిగింది: "త్యాగం చేశావా, తప్పించుకున్నావా?"

"రెండూనే. నువ్వుండి హాయిగా పడుకో. నేను ఊళ్లో లాడ్జిలో దిగుతాను."

దర్జీ మర్నాడంతా నిద్రపోయి, సాయంత్రం లాడ్జికి చేరింది. వదిన అప్పటికి రెండు మ్యూజియాలు చూసింది. వాటి గురించి గంటసేపు విన్నాక దర్జీ గొంతు సవరించుకుంది. "వదినా, రేపు నేను గదిలోనే ఉంటాను. నువ్వెళ్లిరా."

వదిన తెల్లబోయింది. "ఆ మాట నాలుగు నెలల కిందటే చెప్పొచ్చుగా? నీ నడకకి ఆగి ఆగి సగం ఊళ్లు చూడకుండా వచ్చేశాను కదే!"

తెల్లారగానే వదిన ఒక్కతే బయలుదేరింది. దర్జీ ముసుగుతన్ని అటు తిరిగి పడుకుంది.