ఆభరణాల బీరువాలో ఐదు రోజులు

నేను ఒక పళ్ల సెట్టుని. పై వరస మాత్రమే. కింది వరసలో నా యజమాని మస్తాన్‌కి సొంత పళ్లు ఇంకా ఆరున్నాయి. వాటికి నేనంటే కొంచెం చులకన. సొంతింటివాళ్లు అద్దెకొచ్చినవాళ్లని చూసినట్టు చూస్తాయి. నేను పట్టించుకోను. వాటిలో మూడు ఇప్పటికే ఊగుతున్నాయి.

నేను పుట్టింది ఒక పళ్ల డాక్టరమ్మ క్లినిక్కు వెనక గదిలో. మైనం, ప్లాస్టరు, గులాబి రంగు ప్లాస్టిక్కు, ఇదీ నా వంశం. అచ్చు తీసేటప్పుడు మస్తాన్ ఒకటే కోరాడు. "ఎడం పక్క కోరపన్నుకి బంగారు రంగు తొడుగుండాలమ్మా. నలభై ఏళ్ల నుంచి జనం నన్ను ఆ మెరుపుతోనే గుర్తుపడతన్నారు." డాక్టరమ్మ నవ్వి, అచ్చం బంగారంలా కనిపించే తొడుగొకటి వేసింది. అది బంగారం కాదని మా ముగ్గురికే తెలుసు.

మస్తాన్ బ్యాండుమేళంలో క్లారినెట్ వాయిస్తాడు. క్లారినెట్‌కి ఊపిరి ఒక్కటే చాలదు. పై పళ్లు మౌత్‌పీస్ మీద గట్టిగా ఆనాలి. అంటే ఆ పని నాది. మొదటి రోజు మేమిద్దరం కలిసి తీసిన శబ్దానికి పక్కింటావిడ మేకపిల్లేదో తప్పిపోయిందని వీధిలోకి వచ్చి వెతికింది. నెల తిరిగేసరికి కుదిరాం. ఒక్క పైస్థాయి దగ్గర మాత్రం నేను కొంచెం జారేదాన్ని, ఆయన కొంచెం ఆగేవాడు.

ఆయన రోజూ పొద్దున్నే మున్సిపల్ పార్కులో లాఫింగ్ క్లబ్‌కి వెళ్లేవాడు. మనుషులు నవ్వడానికి కూడా టైము పెట్టుకుంటారని నాకు అక్కడే తెలిసింది. ఆరున్నరకి వరసగా నిలబడి, కారణం లేకుండా, పావుగంట నవ్వుతారు. తర్వాత మొహాలు మామూలుగా పెట్టుకుని ఇళ్లకి పోతారు. ఒకరోజు మూడో "హో హో" దగ్గర నేను ఎగిరి ఒక రిటైర్డ్ తహసీల్దారు గారి బూటు మీద పడ్డాను. అప్పట్నుంచి మస్తాన్ నవ్వే ముందు నన్ను తీసి, రుమాల్లో చుట్టి, బెంచీ మీద పెట్టేవాడు.

ఆ మంగళవారం నవ్వు అయ్యీ అవగానే ఫోన్ మోగింది. బ్యాండు ఓనరు సాల్మన్. మస్తాన్‌కి చెవులు మందం కాబట్టి ఫోన్ ఎప్పుడూ స్పీకర్లోనే.

"బాబాయ్, ఆదివారం పెళ్లి ఊరేగింపు మనదే."

"వస్తాలేరా."

"వస్తావు సరే, వాయిస్తావా? ఈ మధ్య నడిమధ్యలో ఆగిపోతన్నావు. జనం కీబోర్డు పెట్టమంటన్నారు. ఆదివారం బాగా నడిచిందా, నీ చోటు నీదే. లేదంటే ఆ చోట్లో కీబోర్డొస్తది. నన్ను తిట్టుకోమాక."

మస్తాన్ ఫోన్ జేబులో పెట్టుకుని, నన్ను బెంచీ మీదే వదిలేసి విసవిసా వెళ్లిపోయాడు. కోపం వస్తే మనుషులు పళ్లు కొరుకుతారు. కొరకడానికి పళ్లు లేవన్న సంగతి ఆయనకి వీధి చివర్లో గుర్తొచ్చి ఉంటుంది. కానీ తిరిగొచ్చేసరికి బెంచీ మీద నేను లేను.

పార్కు ఊడ్చే సింగమ్మ నన్ను తీసింది. రుమాలు విప్పి, "ఓరి దేవుడో, నవ్వతన్నయ్యే!" అని రెండడుగులు వెనక్కేసింది. తర్వాత తనూ నవ్వింది. పార్కులో ఏది దొరికినా ఆ రోజే మున్సిపల్ ఆఫీసులో అప్పగించాలని రూలు. నన్ను తీసుకెళ్లి దొరికిన వస్తువుల కౌంటర్లో హిమజ ముందు పెట్టింది.

హిమజ కొత్తగా చేరిన క్లర్కు. దొరికిన వస్తువులన్నీ కంప్యూటర్లో ఎక్కించడం ఆమె పని. అందులో వస్తువు రకం ఎంచుకోమని అయిదు పేర్లొస్తాయి: వాహనం, పత్రం, ఎలక్ట్రానిక్, పశువు, ఆభరణం. "ఇతరములు" అని లేదు. ఆ ప్రోగ్రాం రాసినాయనకి మనుషులు ఏమేం పారేసుకుంటారో అంత ఊహ లేదు పాపం.

"సింగమ్మా, ఇది ఎలక్ట్రానిక్కా?"

"వైరేదమ్మా దానికి?"

"పోనీ, పశువని పెట్టెయ్యనా?"

"పశువుని కొనేటప్పుడు పళ్లు చూస్తారు గానీ, పళ్లని చూసి పశువనకూడదమ్మా. పాపం, ఎవరియ్యో."

హిమజ నన్ను అటూ ఇటూ తిప్పింది. ఎండకి కోరపన్ను తళుక్కుమంది. "ఆభరణం" అని నొక్కి, సేవ్ కొట్టింది.

కొట్టాక తెలిసింది. ఆభరణమైతే దొంగలు వచ్చి నాదే అనకుండా వివరాలు ఎవరికీ కనిపించవట. కవర్లో పెట్టి సీలెయ్యాలట. రెండు తాళాల బీరువాలో దాచాలట. వెనక్కి మార్చడానికి లేదు. ఒక తాళం హిమజది, రెండోది సూపరింటెండెంటు భీమశంకరం గారిది. నన్ను కవర్లో వేసి, సీలేశాకే ఆయన్ని పిలిచి, లోపల పెట్టి, మర్నాడు హిమజ జిల్లా కేంద్రానికి మూడు రోజుల ట్రైనింగ్‌కి వెళ్లిపోయింది.

బీరువాలో నాకు ఒంటి దిద్దులు, జత విడిపోయిన పట్టీ, రాయి ఊడిన ఉంగరం తోడు. బయట నోటీసు పెట్టారు: "పార్కులో ఒక ఆభరణం దొరికినది. యజమాని ఆనవాళ్లు చెప్పి తీసుకువెళ్లవలెను." రెండు రోజులు జనమే జనం. ఒకావిడ ముక్కుపుడక అంది. ఇంకొకరు నల్లపూసలన్నారు. ఒకాయనైతే, "ముందది చూపించండి సార్, నాదో కాదో అప్పుడు చెప్తా" అన్నాడు. ఇంతమంది నన్ను సొంతం చేసుకోవాలని చూడటం నా జన్మలో అదే మొదలు. ఒక్కళ్లకీ నేనేంటో తెలియదు.

గురువారం మస్తాన్ వచ్చాడు. కండువా నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడుతుంటే సగం మాటలు గాలే.

"నా పళ్లు పోయినయ్ సార్. పార్కులో."

భీమశంకరం గారు కంప్యూటర్లో వెతికాడు. "పళ్లనేవి మా దగ్గర లేవండి. ఆభరణం ఒకటుంది, అది మీదేనా?"

"నాకు ఆభరణాలెందుకు సార్? ఆదివారం క్లారినెట్ వాయించాలి. కొత్త సెట్టు కట్టాలంటే పది రోజులంట."

ఆయనకీ నాకూ మధ్య మూడడుగులు, ఒక ఇనప తలుపు. గట్టిగా అరుద్దామనుకున్నాను. కానీ నోరు ఆయన దగ్గరుంది, నేను బీరువాలో ఉన్నాను.

శనివారం సంగతి తర్వాత సింగమ్మ చెబుతుంటే విన్నాను. మస్తాన్ పార్కు బెంచీ మీద కూర్చున్నాడట. చంకలో క్లారినెట్ పెట్టె. అది బ్యాండుది. సాల్మన్‌కి అప్పజెప్పి, ఇక రానని చెప్పడానికి బయల్దేరాడు.

"ఏం పెద్దాయనా, నవ్వట్లేదేంది?" అని సింగమ్మ అడిగితే, కండువా తీసి నోరు చూపించాడట.

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! ఆ నవ్వు నీదా? నేనే ఇచ్చొచ్చాగా మంగళవారం. పద, పద!"

ట్రైనింగ్ నుంచి వచ్చిన హిమజ, ఆయన నోరు చూడగానే తల పట్టుకుంది. రెండు తాళాలూ తీశారు, కవరు చించారు. మస్తాన్ చెయ్యి చాపాడు. భీమశంకరం గారు నన్ను ఇవ్వలేదు.

"ఆగండి. ఆభరణం కింద ఎక్కింది. కొన్న బిల్లు గానీ కంసాలి ఉత్తరం గానీ కావాలి. సోమవారం రండి."

"సోమవారం దేనికి సార్ నాకు?"

భీమశంకరం గారు చెడ్డవాడు కాదు. ఒకసారి ఎవరివో కన్నీళ్లు చూసి గొలుసొకటి ఇచ్చేశాడు. అసలు మనిషి నెల తర్వాత వచ్చింది. ఆయన ఇప్పటికీ సంజాయిషీలు రాస్తూనే ఉన్నాడు.

హిమజ రూల్సు పుస్తకం గబగబా తిప్పింది. "ఇదిగో సార్. గాజులు, ఉంగరాల్లాంటివైతే ధరింపజేసి, సరిపోతే ఇవ్వొచ్చు."

ఆయన ఆలోచించి సరేనన్నాడు. మస్తాన్ నన్ను కొళాయి కింద కడిగి పెట్టుకున్నాడు. భీమశంకరం గారు కళ్లజోడు సర్దుకుని వంగి చూశాడు.

"సరిపోయినట్టే ఉంది. కానీ ఎవరికైనా ఇలాగే సరిపోవచ్చు కదా?"

"అయితే నువ్వోసారి పెట్టుకో సారూ, తెలిసిపోద్ది," అంది సింగమ్మ.

ఇంటి పన్ను కట్టడానికి లైన్లో నిలబడ్డవాళ్లంతా గొల్లుమన్నారు. వాళ్లెవరూ లాఫింగ్ క్లబ్బు సభ్యులు కారు.

మస్తాన్ నవ్వలేదు. పెట్టె తెరిచి క్లారినెట్ బిగించాడు. ఊదాడు. కీచుమని అరిచి ఆగింది. అయిదు రోజులు నేను లేక చిగుళ్లు మెత్తబడ్డాయి, నేను నిలవడం లేదు. ఆఫీసు వాళ్లకి ఇది ఆనవాలు మాత్రమే. మా ఇద్దరికీ ఇది రేపటి ఆదివారానికి పరీక్ష. ఆయన నన్ను బొటనవేలితో పైకి నొక్కి, కళ్లు మూసుకుని, మళ్లీ ఊదాడు. మోహన రాగం సన్నగా మొదలై, ఫ్యాన్ల చప్పుడు దాటి, మెట్ల మీదికి పాకింది.

భీమశంకరం గారు రిజిస్టరు తీసి, గుర్తింపు విధానం అన్న గడిలో రాశాడు: "ధరించి, వాయించి చూపినారు. సరిపోయినది." కింద సంతకం పెట్టి, మస్తాన్ చేత కూడా పెట్టించాడు.

ఆదివారం సాయంత్రం పెళ్లివారి వీధికి వెళ్లేసరికి, వ్యానులో కీబోర్డు సిద్ధంగా ఉంది. సాల్మన్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. మస్తాన్ ఎప్పటిలాగే వెళ్లి ముందు వరసలో నిలబడ్డాడు.

డోలు మొదలైంది. మొదటి వీధి తేలిగ్గానే దాటాం. రెండో వీధి మలుపులో పైస్థాయి వచ్చింది, మేము ఆగిపోయే చోటు. ఆయన చిగుళ్లు మండుతున్నాయి, నాకు తెలుసు. నేను వాటిని పట్టుకుని వేలాడాను. ఆయన నన్ను పట్టుకుని ఊదాడు. స్వరం జారలేదు. డోలు వాళ్లు తలలు తిప్పి చూశారు. మేడల మీంచి జనం వంగారు. కీబోర్డాయన చేతులు ఒళ్లో పెట్టుకుని వింటూ కూర్చున్నాడు.

సాల్మన్ పక్కనే నడుస్తూ కాసేపు చూశాడు. తర్వాత చెవి దగ్గరికి వంగి, డోలు మీద నుంచి వినపడేలా అరిచాడు.

"బాబాయ్! శుక్రవారం ఇంకోటుంది. అయిదింటికల్లా వచ్చెయ్!"

జవాబు చెప్పాలంటే నన్ను క్లారినెట్ మీంచి లేపాలి. మస్తాన్ లేపలేదు. వాయిస్తూనే తల ఊపాడు.