ఆమె మర్చిపోయిన పని

పెరట్లో గులాబీలు ఒక్కసారిగా విరగబూశాయి. మొదళ్లలో కలుపు తీస్తున్న ఆమెకి ఆ వాసన తగలగానే చేతులు ఆగిపోయాయి. పదిహేనేళ్ల కిందట, ఇక్కడికి రెండు రోజుల రైలు దూరంలో, కొండల మీది మొక్కల నర్సరీలో తెల్లారితే ఇదే వాసన. పొగమంచులో ఖాళీ పెట్టె బోర్లించుకుని కూర్చునేది. అడవి గులాబీ కాండానికి గాటు పెట్టి, మేలురకం కొమ్మ మీది చిగురు కన్ను కోసి తెచ్చి బెరడు కింద దూర్చి, బిగించి కట్టేది. రోజుకి రెండు వందల మొక్కలకి అంటు కట్టేది. వేళ్లు కొంకర్లు పోతే తోటి ఆడవాళ్లతో కలిసి టీ కెటిల్ చుట్టూ చేతులు కాచుకునేది. ఆమె నవ్వితే నర్సరీ ఆ చివరికి వినిపించేదట. ఈ ఇంట్లో ఆ నవ్వు ఎవరూ ఎరగరు.

మట్టి పిసుక్కునే ఉద్యోగం మనకెందుకన్నాడు పెళ్లయ్యాక భర్త. మానేసింది. చేతులు ఊరుకుంటేగా! వంట, గిన్నెలు, బట్టలు, అత్తగారి మందులు అన్నీ అయ్యాక మిగిలిన అరగంటల్లో ఈ పెరట్లో ముప్ఫై మొక్కలకి అంటు కట్టుకుంది. మట్టి చేతులతో గడప తొక్కొద్దని అత్తగారు రోజుకోసారి గుర్తుచేస్తుంది. పూలు కోయించుకుని హాల్లో పెట్టుకోవడానికి మాత్రం ఆవిడకి మట్టి అడ్డురాదు.

కాఫీ కప్పుతో భర్త వచ్చాడు. ఆఫీసు వాళ్లకి పంపడానికి పూలని ఫోన్లో ఫోటోలు తీసుకుంటూ, అడ్డొస్తున్నావు, కాస్త జరగమన్నాడు. జరిగింది.

"అన్నట్టు, మీ నర్సరీ మేనేజరట, పోయిన వారం ఫోన్ చేసింది. కొత్తగా చేరిన ఆడపిల్లలకి అంటు కట్టడం నేర్పాలట, ఆరు నెలలు. ఆ పని ఎప్పుడో మర్చిపోయిందండీ అని చెప్పేశాను."

ఆమె అంటు కట్టిన కొమ్మని వంచి పట్టుకునే అన్నాడీ మాట.

ఆమెకి ఒళ్లు మండిపోయింది. మర్చిపోయిందట! అతని చొక్కాల్లో ఏది మెడ దగ్గర బిగుతో, అత్తగారికి ఏ మాత్ర తిండికి ముందో, ఇవేవీ మర్చిపోవడానికి లేదు. తనకంటూ వచ్చిన ఒక్క పనీ మర్చిపోయినట్టు మాత్రం అతనే తేల్చేశాడు. వారం రోజులు దాచాడా అంటే దాచనూ లేదు, చెప్పాలనే తోచలేదు. మంటంతా అక్కడే.

"ఆ నంబరు కలిపి ఇవ్వండి," అంది.

"ఎందుకూ? చెప్పేశానన్నానుగా."

ఆమె చాచిన చెయ్యి తీయలేదు. విసుక్కుంటూ నంబరు కలిపి ఫోను ఇచ్చాడు.

మేనేజరు ఆమె గొంతు గుర్తుపట్టి పొంగిపోయింది. మరి మర్చిపోయావన్నారే మీ ఆయన, అని అడిగింది.

"ఆయనకి తెలిసింది ఆయన చెప్పారక్కా. ఎప్పుడు చేరాలి?"

"వచ్చే నెల ఒకటిన. తొందరేం లేదమ్మా, ఇంట్లో అడిగి చెప్పు."

ఇంట్లో అడిగి చెప్తానన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పులు కొనుక్కోవాలన్నా, అక్క ఇంటికి వెళ్లాలన్నా ఇన్నేళ్లూ నలుగురికీ చెప్పిన మాటే. ఎదురుగా భర్త వద్దని తల అడ్డంగా ఊపుతున్నాడు.

"ఒకటో తారీకుకి అక్కడుంటానక్కా," అంది అతన్నే చూస్తూ. "ఇంట్లోవాళ్లు ఇక్కడే నిలబడి వింటున్నారు."