ఆఱడుగుల నేల

హేమంతము గడచి శిశిరము ప్రవేశింపఁగా సెయింట్ లారెన్స్ మహానది తన తరంగకోలాహలమును మాని తుహినశిలాఫలకాచ్ఛాదితయై నిశ్చలముగా నుండెను. తీరమునందలి దేవదారువనములు హిమభారావనతశాఖములై మౌనము వహింపఁగాఁ గెనడాదేశమున క్వెబెక్ సీమయం దొక గ్రామమున చర్చిగంటల ప్రభాతనాదము ధవళీకృతక్షేత్రములపై మెల్లఁగా వ్యాపించుచుండెను.

ఆ గ్రామమున క్షేత్రధనధాన్యసమృద్ధుఁడును స్వవంశకీర్తనైకతత్పరుఁడును నగు ఒనెసీము బోసెజూరు అను వృద్ధుఁడు గలఁడు. మా తాతలు నేతులు త్రాగిరి మా మూతులు వాసన చూడుఁ డనువారు గోదావరీతీరముననే కాదు ఆ మంచుదేశమునందును గలరు. చర్చి కట్టిన రెండువందలయేండ్ల యుత్సవమున మూలవంశజుఁడుగాఁ దన పేరు సభలోఁ జదివింపఁ గోరి యతఁడు తన పూర్వుల మూలము వెదకు మని మతగురువును వేఁడుకొనెను.

గురువు జీర్ణమైన వివాహలేఖనపుస్తకమును విప్పి యొక పంక్తిపై వ్రేలుంచెను. “టెస్సియే, బోసెజూరని పిలువఁబడువాఁడు” అని యందుండెను.

“ఇదియేమి? రెండు పేర్లేల?” యని ఒనెసీ మడిగెను.

“పూర్వము మనవారు సైన్యమునఁ జేరినపుడు మాఱుపేరు పెట్టుట వాడుక. మీ మూలపురుషుని యింటిపేరు టెస్సియే, మాఱుపేరు బోసెజూరు. పెద్దకొడుకు మాఱుపేరును, చిన్నకొడుకు తండ్రియింటిపేరును నిలుపుకొనిరి. మీరు పెద్దవాని సంతతి. రేవుపడవ నడుపు ఇలేరు టెస్సియే చిన్నవాని సంతతి.”

ఒనెసీమునకుఁ దల కొట్టివేసినట్లయ్యెను.

గడచిన శరత్కాలమున ఇలేరు భార్య మరణింపఁగా నతఁడు టోపీ చేతఁబట్టుకొని వచ్చి “అన్నా, మన వంశ మొక్కటే యని మా తాత చెప్పెడివాఁడు. మావారిని బూడ్చెడి యేటిగట్టు పల్లమున నీరూరును. మీ సమాధుల చెంత నా యిల్లాలి కాఱడుగుల నేల యిమ్ము” అని వేఁడెను. అపుడు ఒనెసీము నలుగురు వినునట్లు నవ్వి “నన్ను అన్నా యనుటకు నీ వెవ్వఁడవు? మావారి నడుమ నీవారికిఁ జోటు లేదు” అని పలికెను. ఆ నవ్వే యిపుడు తన చెవులలో మరల మ్రోగఁగా నతఁడు పుస్తకమును మూయనైన మూయక సిగ్గుతో నెవరి మొగమును జూడలేక శ్మశానమునకు నడచెను.

ఏటిగట్టు పల్లమున ఇలేరు తన భార్య సమాధియందలి కొయ్యసిలువపై మంచును జేతులతోఁ దుడుచుచుండెను. ఒనెసీము టోపీ తీసెను.

“ఇలేరూ, మనము దాయాదులము. ఎఱుఁగక నిన్నవమానించితిని.”

“ఎఱుఁగక కాదయ్యా. నేను జెప్పియే యుంటిని గదా.”

“ఆమెను మా సమాధుల చెంతకుఁ జేర్పింతును.”

“పరుండినదానిని లేపవలదు.”

ఒనెసీము దడఁబడుచు “అట్లయిన నేను బోయిన పిమ్మట నిచ్చట, మీవారి చెంత, నాకొక యాఱడుగుల నేల యిత్తువా?” యని యడిగెను.

ఇలేరు సిలువమీఁది మంచు పూర్తిగాఁ దుడిచెను. పిదప లేచి “చోటున్న దయ్యా” అని చెప్పి తన త్రోవను దాను బోయెను.

కోరిన నేల దొరకెను గాని కాలఁదన్నిన పిలుపు దొరకలేదు. అతఁడు వెనుదిరిగి యొక్కసారి యన్నా యనునేమో యని ఒనెసీము వట్టితలతో నా మంచులో నెదురుచూచుచు నిలిచియుండెను.