ఏడో మచ్చ

మా అత్తయ్య కళ్ళద్దాల మీద ఎడమవైపు ఒక గీత ఉంది. ఏడాది క్రితం పడింది. అద్దం మార్పిద్దామంటే ఒప్పుకోదు. అలవాటైపోయింది, ఇప్పుడది కనబడటమే లేదంటుంది. ఆ రోజు పొద్దున టీ సగం తాగాక తూ తూ అని ఉమ్మేసి, కప్పులో చీమ ఉందని నన్ను కోప్పడింది. చూసుకుని తాగాలి కదా అన్నాను.

"చూశానే. గీత అనుకున్నా," అంది.

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే చెప్పులు వేసుకోబోయాను. ఒక కాలు చెప్పులో, ఒక కాలు నేల మీద ఉండగా ఆగిపోయాను. 

నా పని రాళ్ళు లెక్కపెట్టడం. ఎవరడిగినా ఇదే చెబుతాను, పాపం అన్నట్టు చూసి ఊరుకుంటారు. ఆ రాళ్ళు ఉన్నది ఒక గ్రహశకలం మీద. ఆఫీసులో దాని ముద్దుపేరు బొగ్గు. ఒళ్ళంతా కర్బనం, మీద పడ్డ వెలుగులో నూటికి నాలుగు పాళ్ళు తిరిగొస్తే గొప్ప. భూమి పుట్టకముందు నుంచి అలాగే పడి ఉన్న ఆ మట్టిని పిడికెడు తేవడానికి మా నౌక రెండేళ్ళు ప్రయాణం చేసి వెళ్ళింది. కిందికి దిగి, చేయి చాచి, ఆరు సెకన్లు నేలను తాకి లేచిపోవాలి. తాకే చోట మోకాలెత్తు బండ ఉన్నా తిరగబడుతుంది. మా మాట దానికి చేరడానికే పద్దెనిమిది నిమిషాలు పడుతుంది కాబట్టి, పడిపోతుంటే పట్టుకునే దిక్కు లేదు. అందుకే ముందుగానే ఫోటోల్లో రాళ్ళు లెక్కపెడతాం. ఒకే ఫోటోను ఇద్దరం, ఒకరికొకరు వీపు పెట్టి కూర్చుని, ఎవరి లెక్క వాళ్ళం చేస్తాం. ఇద్దరి సంతకాలూ పడితేనే నౌకకు ఆజ్ఞ వెళ్తుంది.

కెమెరా అద్దం మీద ఎప్పుడో దుమ్ము పడింది. ప్రతి ఫోటోలోనూ, ఉన్న చోటే, పదిహేడు నల్లచుక్కలు. వాటి జాబితా ఒకటి మా దగ్గర ఉంది. చుట్టాల మొహాల మీద పుట్టుమచ్చల్లా అవన్నీ మాకు కంఠతా వచ్చు. రాళ్ళు లెక్కపెట్టేటప్పుడు వాటి మీద చూపు ఆగదు. ఏడో మచ్చ ఫోటో నడిమికి కాస్త కిందుగా ఉంటుంది. నౌక దిగబోయే చోటు ఉన్న ఫోటోలో అది సరిగ్గా ఆ చోటు మీదే పడింది. దాన్ని నేనూ వదిలేశాను, నా జోడీ కూడా వదిలేశాడు. దాని కింద నిజంగానే ఒక బండ ఉంటే?

ఆజ్ఞ వెళ్ళేది ఆ మధ్యాహ్నం మూడింటికి.

బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేకపోయాను. నా భయం బండ ఒక్కదాని గురించే కాదు. రెండు నెలల క్రితం రిహార్సల్‌లో నౌక చేతి మీద పగులు కనిపిస్తోందని గోల చేసి అంతా ఆపించాను. తీరా చూస్తే అది నా మానిటర్‌కి అంటుకున్న వెంట్రుక. అదీ నా వెంట్రుకే. ఆరు వారాలు వెనక్కి పోయాం. ఆ రోజు నుంచి నా పేరు సైరన్. ఆ పేరు పెట్టింది నా జోడీయే. ఎప్పుడూ టీ సగం తాగి వదిలేస్తాడని మేం అతన్ని అరకప్పు అంటాం, దానికిది బదులట. నేను గదిలోకి అడుగుపెడితే చాలు, ఎవరో ఒకరు నోటితో సైరన్ మోగిస్తారు. నేనూ నవ్వేదాన్ని. లోపల మండిపోయేది.

ఆ పొద్దున కూడా మోగించారు. పట్టించుకోకుండా ఆ ఫోటో తెరిచి, పక్కన మరో నలభై పెట్టి, ఏడో మచ్చను ఒక్కోదాంట్లో పెద్దది చేసి చూశాను. నలభైలోనూ గుండ్రంగా ఉంది. ఇందులో మాత్రం ఎండకు అవతలివైపు కాస్త సాగినట్టుంది. నీడేమో అనిపించింది. మళ్ళీ చూస్తే, అంత నల్లటి నేలను వెలుగు పెంచి చూస్తున్నప్పుడు ఏదైనా అలాగే కనిపిస్తుందేమో అనిపించింది. పక్క ఫోటో చూద్దామంటే అది మాకు చేరేసరికే సగం చెడిపోయింది. లేచాను, కూర్చున్నాను, నీళ్ళు తాగాను, మళ్ళీ లేచాను. గడియారం చూడకూడదనుకుంటూనే నిమిషానికోసారి చూశాను.

ఒంటిగంటకు పెద్దాయన తలుపు తట్టాను. ఈ ప్రయాణం మొత్తానికి బాధ్యుడు ఆయన. ఓపిగ్గానే విన్నాడు. విన్నాక అరకప్పును పిలిచి, ఫోటో చూపించి, నీకేమనిపిస్తోందని అడిగాడు. అరకప్పు తెర మీదికి వంగి చాలాసేపు చూశాడు. నా వైపు మాత్రం చూడలేదు.

"మచ్చే సార్," అన్నాడు.

పెద్దాయన నా వైపు తిరిగాడు. "నీకు కచ్చితంగా తెలుసా అమ్మా?"

"తెలీదు సార్."

"ఇవాళ ఆపితే మళ్ళీ దిగడానికి నాలుగు నెలలు. ఇంధనం ఒక్కసారికే ఉంది. ఈసారి కూడా వెంట్రుకే అయితే నేను నిన్ను వెనకేసుకు రాలేను."

ఆ మాటలో బెదిరింపు లేదు, ఉన్న సంగతే చెప్పాడు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. కాగితం అడిగి తీసుకుని, నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని రాసి ఇచ్చాను.  అక్షరాలు కోడి గెలికినట్టు వచ్చాయి.

ఆజ్ఞ వెళ్ళలేదు. ఆ సాయంత్రం ఎవరూ సైరన్ మోగించలేదు. అది ఇంకా ఘోరంగా ఉంది. నౌకను కొంచెం పక్కకు జరిపి అదే చోటును మళ్ళీ ఫోటో తీయమన్నారు. ఆ ఫోటో రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ ముళ్ళ మీద కూర్చున్నట్టే గడిపాను. ఇంట్లో అన్నం మాడ్చాను. అత్తయ్య ఏమైందని అడిగితే, నీ చీమే అత్తయ్యా అన్నాను. ఆవిడకేం అర్థమవుతుంది? చీమను మింగింది తనైతే కడుపునొప్పి నాకేమిటని నవ్వింది.

పన్నెండో రోజు పొద్దున ఫోటో వచ్చింది. గదిలో నేనూ అరకప్పూ ఇద్దరమే ఉన్నాం. ఏడో మచ్చ ఫోటోలో ఎప్పటి చోటే ఉంది, కానీ ఈసారి దాని కింద ఉన్నది వట్టి నేల. మొన్నటిదాకా అది కప్పిన చోట బండ. చిన్నదేం కాదు, మా భోజనాల బల్లంత. పక్కన దాని నీడ.

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. సైరన్ మోగించమని అందరినీ పిలుద్దామనుకున్నాను. వెనక్కి తిరిగితే అరకప్పు కుర్చీలో కూలబడి ఉన్నాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"నాకు ముందే అనుమానం వచ్చింది," అన్నాడు. "మొదటిసారి లెక్కపెట్టిన రోజే."

 పెద్దాయన గదిలో అడిగినప్పుడైనా చెప్పొచ్చు కదా అన్నాను.

"నీకు నేను పెట్టిన పేరు నాకు పెడతారని."

అతన్ని తిట్టాలి. తిట్లు నోటిదాకా వచ్చాయి కూడా. నేను నవ్వుతూ భరించిన ఆ వెటకారం అందరికంటే ఎక్కువ భయపెట్టింది దాన్ని మొదలుపెట్టినవాడినే. అంత దూరాన నౌక తిరగబడి ఉంటే, అది ఈ గదిలో మేం నవ్విన నవ్వుల వల్లే.  అప్పుడు ఇంకో ప్రశ్న వచ్చింది. అడగాలంటేనే భయమేసింది.

"ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి?"

 అతను సొరుగు లాగి, అట్టడుగు నుంచి నాలుగు మడతల కాగితం ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. అన్నీ ఫోటోల నంబర్లు. పంతొమ్మిది ఉన్నాయి. ఒక్కో నంబరు పక్కన ఒక్కో ప్రశ్నార్థకం. మూడు నంబర్లు, ఇక్కడ కుదరకపోతే దిగాలని ముందే ఎంచి పెట్టుకున్న రెండో చోటువి.

కాగితం మళ్ళీ అతని చేతికే ఇచ్చాను. అతను లేచాడు. పెద్దాయన గది దాకా ఇద్దరం కలిసే నడిచాం. తలుపు దగ్గర నేను ఆగాను. ఈసారి అతనే తట్టాడు.