గట్టి ఫోన్

మా బావ వస్తువు కొనడు, దానికి పరీక్ష పెడతాడు. వడ్రంగి కదా, చేతికొచ్చిన ప్రతిదాన్నీ వేలి కణుపుతో తట్టి శబ్దం వింటాడు. అంచుల వెంట గోరు పోనిచ్చి సందు ఉందేమో చూస్తాడు. అరచేతిలో పెట్టుకుని బరువు అంచనా కడతాడు. గొడుగైనా అంతే, గిన్నె అయినా అంతే. ఆయన కొన్న గొడుగు విప్పాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒక్క మా అక్కను మాత్రమే తట్టి చూడకుండా చేసుకున్నాడని నేను ఏడిపిస్తూ ఉంటాను.

అలాంటి మనిషి అక్కకు ఫోన్ కొనడానికి నేను పనిచేసే ఫోన్ల దుకాణానికి వచ్చాడు. అక్క వెనకే వచ్చింది.

అక్క సంగతి ముందు చెప్పాలి. కొన్నేళ్ళుగా ఆమెకు వినికిడి తగ్గుతూ వస్తోంది. రెండు చెవుల్లోనూ చిన్న చిన్న యంత్రాలు పెట్టుకుంటుంది. వినికిడి ఇంకాస్త తగ్గినప్పుడల్లా దూరాన ఉన్న చెవి డాక్టరు కొత్త కొలతలు పంపిస్తాడు. అవి ఫోన్లోని ఒక యాప్ ద్వారా ఆ యంత్రాల్లోకి ఎక్కుతాయి. కాబట్టి అక్కకు ఫోన్ అంటే సరదా వస్తువు కాదు. ఆమె వినికిడి అంతా ఇప్పుడు దాని మీదే ఆధారపడి ఉంది.

నేను బల్ల మీద రెండు ఫోన్లు పెట్టాను. ఒకటి పల్చగా ఉంది, వెనక ప్లాస్టిక్. దాన్ని చేసేవాళ్ళు అప్‌డేట్లు ఠంచనుగా పంపుతారు. రెండోది లోహపు ఒళ్ళు, గట్టి గాజు, చేతిలో పెడితే రాయిలా ఉంటుంది. దాన్ని చేసేవాళ్ళు మాత్రం అప్‌డేట్ ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు పంపుతారు. మా దుకాణంలో ఈ సంగతి అందరికీ తెలుసు, కొనేవాళ్ళకు తప్ప.

బావ పల్చటి దాన్ని తీసుకుని రెండు చేతులతో మెలితిప్పాడు. అది కిర్రుమంది.

"విన్నావా? ఇది ఫోనా, అట్టపెట్టా?"

"ఫోన్లని మెలితిప్పి చూడకూడదు బావా. లోపలేముందో, అప్‌డేట్లు సరిగ్గా వస్తాయో లేదో చూడాలి."

"లోపలేముందో నాకెలా తెలుస్తుందమ్మా? బయట చూసే తెలుసుకోవాలి." రెండోది తీసుకుని అంచు మీద గోరు నడిపించాడు. గోరు ఎక్కడా ఆగలేదు. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఈ జాయింట్ చూడు. కంటికి ఆనడం లేదు. బయటే ఇంత శ్రద్ధ పెట్టినవాడు లోపల మోసం చేస్తాడా?"

"పైన పటారం, లోన లొటారం అని విన్లేదా నువ్వు?"

"నువ్వు అమ్మేదానివి. నేను చేసేవాణ్ణి."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్న మనిషితో వాదించి లాభం లేదని అక్క వైపు చూశాను. ఆమె ఇద్దరి పెదాలనూ మార్చి మార్చి చూస్తోంది. "నాకు వినపడితే చాలు, ఏదైనా ఒకటే," అంది. గట్టి ఫోన్ ఇంటికి వెళ్ళింది.

గట్టితనం విషయంలో బావ చెప్పింది అబద్ధం కాదు. ఒకసారి అది నిచ్చెన మీద నుంచి జారి, సిమెంటు నేల మీద పడి, దొర్లుకుంటూ వెళ్ళి గోడకు కొట్టుకుని ఆగింది. ఒక్క గీత పడలేదు. తలుపులు చేయించుకోవడానికి వచ్చినవాళ్ళందరికీ ఆ కథ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ నిచ్చెన ఒక మెట్టు పెరిగింది.

తర్వాత అక్క వినికిడి ఇంకొంచెం తగ్గింది. డాక్టరు కొత్త కొలతలు పంపాడు. తీరా యాప్ తెరిస్తే, ఫోన్లోని సాఫ్ట్‌వేర్ పాతబడింది, కొత్త వెర్షన్ ఉంటే తప్ప తెరుచుకోనని చెప్పింది. ఫోన్ కంపెనీని అడిగితే కొత్త వెర్షన్ త్వరలో వస్తుందన్నారు. ఆ త్వరలో అనే మాట పట్టుకుని మా బావ కూర్చున్నాడు. చెవుల్లో పాత కొలతలు అలాగే ఉన్నాయి. అక్కకు మాటలన్నీ గోడ అవతలి నుంచి వచ్చినట్టు వినిపిస్తున్నాయి.

"ఇంకో ఫోన్ కొనెయ్ బావా," అన్నాను.

"తొందరెందుకు? వానాకాలం తలుపు బిగుసుకుంటుంది. తెలివితక్కువవాడు వెంటనే చిత్రిక పట్టి అంచు తగ్గించేస్తాడు. ఎండలు రాగానే చెక్క సర్దుకుంటుంది, అప్పుడు తలుపుకీ చట్రానికీ మధ్య చెయ్యి దూరేంత సందు. దేనికైనా టైమివ్వాలి."

"ఇది చెక్క కాదు. దానంతట అది సర్దుకోదు. ఎవడో ఒకడు కూర్చుని చెయ్యాలి."

"చేస్తున్నారుగా మరి! మంచి పనివాళ్ళు ఆలస్యంగానే ఇస్తారు. నేనివ్వట్లా?"

ఇది మాత్రం నిజం. ఆయన ఏ తలుపూ చెప్పిన రోజుకు ఇచ్చిన పాపాన పోలేదు. కానీ ఇచ్చిన తలుపు మనవలు కూడా వాడుకునేలా ఉంటుంది. కాబట్టి ఆలస్యం చేసేవాడంటే ఆయనకు గౌరవం. రోజూ సాయంత్రం చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఆ ఫోన్ తీసి అప్‌డేట్ వచ్చిందేమో చూసేవాడు. ఎదురుచూసి కళ్ళు కాయలు కాశాయే తప్ప అది రాలేదు.

నాకు ఒళ్ళు మండి, "నీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే," అనేశాను. అన్నాక నాలిక్కరుచుకున్నాను. అక్క పక్కనే కూర్చుని బట్టలు మడతపెడుతోంది. ఆమె తలెత్తలేదు. తలెత్తనందుకు నాకు బావ మీద కోపం ఇంకా ఎక్కువైంది.

చివరికి ఒకరోజు అప్‌డేట్ వచ్చింది. బావ దుకాణానికి ఫోన్ చేసి మరీ చెప్పాడు. "ఏమ్మా మరదలా, ఏమన్నావు? వచ్చిందా లేదా? మీ అక్కకిప్పుడు గంట మోగినట్టు వినపడుతోంది!"

నేను నమ్మలేదు. ఆ వచ్చింది ఏమిటో నాకు తెలుసు. కెమెరాలో ఏవో చిన్న చిన్న సవరణలు, అంతే. వెర్షన్ మారలేదు. యాప్ తెరుచుకోదు. మధ్యాహ్నం భోజనం మానేసి అక్క పనిచేసే చోటికి వెళ్ళాను.

అక్క పళ్ళ డాక్టరు దగ్గర పని చేస్తుంది. వచ్చినవాళ్ళ పేరు రాసుకోవడం, ఎప్పుడు రావాలో చెప్పడం, భయపడేవాళ్ళకు ధైర్యం చెప్పడం ఆమె పని. ముందు గదిలోని ఆ కుర్చీ అంటే ఆమెకు ప్రాణం. ఏడుస్తూ వచ్చిన పిల్లలు కూడా అక్కతో రెండు మాటలు మాట్లాడాక నోరు తెరుస్తారని డాక్టరమ్మే నాతో ఒకసారి అంది. కానీ పళ్ళ డాక్టరు దగ్గరికి వచ్చేవాడు సరిగ్గా మాట్లాడగలిగితే రాడు కదా. ఒకడి బుగ్గ వాచి ఉంటుంది, ఒకడి నోట్లో దూది ఉంటుంది. డాక్టరమ్మ ముఖానికి మాస్కు కట్టుకుని లోపలి నుంచి పిలుస్తుంది. పెదాలు చూసి మాట పట్టుకునే మనిషికి అంతకంటే కష్టమైన చోటు ఇంకోటి ఉండదు.

నేను వెళ్ళేసరికి డాక్టరమ్మ లోపలి నుంచి ఒకరిని పంపమంది. అక్క ఇంకొకరిని పంపింది. లోపలికి వెళ్ళినాయన పన్ను పీకించుకోవడానికి రాలేదు, మందు చీటీ అడగడానికి వచ్చాడు. కుర్చీలో పడుకోబెట్టబోతే లబోదిబోమంటూ బయటికి వచ్చాడు. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు. ఆమె నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పింది: "నెలాఖరు దాకా చూస్తాను. ఆ తర్వాత ఆవిడకి వెనక గదిలో పనిముట్లు కడిగే పనిస్తాను. నాకూ ఇష్టం లేదు."

ఆ మాట అక్కకు అంతకుముందే చెప్పిందట. అక్కను మెట్ల దగ్గరికి లాక్కెళ్ళి ఎదురుగా నిలబడి అడిగాను.

"గంట మోగినట్టు వినపడుతోందని ఎందుకు చెప్పావే?"

"ఆయన ముఖం నువ్వు చూడలేదు. అప్‌డేట్ వచ్చిందని ఇల్లంతా తిరిగాడు. వినపడుతోందా, వినపడుతోందా అని అడుగుతుంటే ఎలా చెప్పను లేదని? కొలతలు ఎక్కాయనే చెప్పాను."

"నా ఫోన్ ఉంది. అందులో యాప్ వేసి కొలతలు ఎక్కించేద్దాం. గంటలో అయిపోతుంది."

"ఈ చెవి యంత్రాలు ఒకసారికి ఒక్క ఫోన్నే ఒప్పుకుంటాయి కదా. నీ దానికి కలిపితే, మా ఫోన్ తెర మీద ఇవి కలిసి ఉన్నట్టు చూపే గుర్తు ఆరిపోతుంది. ఆయన రోజూ చూస్తాడు."

"చూస్తే చూడనీ! ఆయన గారి ముచ్చట కోసం నీ కుర్చీ పోగొట్టుకుంటావా?"

"నా చెవుల కోసం ఆయన అంత శ్రద్ధగా కొన్నాడే." నా చెయ్యి పట్టుకుంది. "ఆయనకి నువ్వేం చెప్పకు. నేనే ఎలాగో చెప్తాను. నా మీద ఒట్టు."

ఒట్టు వేయించుకుంది. మా అక్కకు మొగుడంటే ఉన్న ప్రేమ చూస్తే నాకు ఒక్కోసారి ముచ్చటేస్తుంది. ఆరోజు మాత్రం చిరాకేసింది. రోజులు గడిచినా ఆమె చెప్పలేదు.

ఈలోగా ఆ కంపెనీవాళ్ళు పాత మోడళ్ళకు ఇక అప్‌డేట్లు ఉండవని ప్రకటించారు. అందులో బావ కొన్నదీ ఉంది. ఇది చెప్పకూడదని ఎవరూ ఒట్టు వేయించుకోలేదు కాబట్టి నేను వెళ్ళి చెప్పాను. కాస్త సంబరంగానే చెప్పాను.

బావ వాదించలేదు. ఫోన్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మరి ఇంత బాగా ఎందుకు చేశారు?" అన్నాడు. ఆ క్షణంలో ఆయన మీద నాకు మొదటిసారి జాలి వేసింది.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. ఇంటి పక్కనే రేకుల షెడ్డు, అదే బావ పని చేసే చోటు. కిటికీ దగ్గర అక్క అటు తిరిగి నిలబడి, ఒక సొరుగు ముఖాన్ని ఉప్పుకాగితంతో రుద్దుతోంది. సెలవు రోజుల్లో ఆమె ఈ పని చేసి పెడుతుంది. ఇటు చివర బావ తలుపు చెక్కకు చిత్రిక పడుతున్నాడు. నన్ను చూసి పని ఆపి, గొంతు తగ్గించాడు.

"నువ్వన్నా చెప్పమ్మా మీ అక్కకి."

"ఏమని?"

"నువ్వా కబురు చెప్పిన రోజు నుంచీ చెబుతూనే ఉన్నా. తప్పు నాదే, నీ చెల్లెలు చెప్పిందే కొందాం పద అని. ఉలుకూ లేదు పలుకూ లేదు. వినపడుతోందని తనే చెప్పింది కదా, మరి పలకదేం? మనిషికి ఇంత కోపమైతే ఎలా?"

"ఎక్కడ చెప్పావు?"

"ఇక్కడే. పని చేసుకుంటూ."

"ఎటు తిరిగి?"

ఆయన కొంచెం ఆలోచించాడు. "అలాంటి మాటలు ముఖం చూసి ఎలా చెబుతామే? అది అటు తిరిగి ఉన్నప్పుడే చెప్పా."

నా పరిస్థితి మింగలేక కక్కలేక అన్నట్టయింది. అక్క ఒట్టు గుర్తొచ్చింది. ఈ మనిషి పుట్టి బుద్ధెరిగాక తప్పు ఒప్పుకోవడం నేను చూడలేదు. ఒప్పుకున్న ఆ ఒక్క తప్పునూ రోజూ ఆమె వీపుకు చెప్పుకున్నాడు. "అలా కాదు బావా," అన్నాను. "ముందుకెళ్ళి నిలబడి చెప్పు."

ఆయన ఒంటి మీది చెక్కపొట్టు దులుపుకుని అటు వెళ్ళాడు. అక్క తలెత్తి నవ్వింది. బావ నోరు తెరిచాడు. అక్క చూపు ఆయన కళ్ళ మీద లేదు. ఆయన పెదాల మీద ఉంది, అక్కడి నుంచి కదల్లేదు. వెంట్రుక మందం సందును దూరం నుంచి పట్టుకునే మనిషి ఆయన. ఇన్నాళ్ళూ చూడనిది ఇప్పుడు చూశాడు.

"వినపడుతోందా?" అన్నాడు.

"ఆఁ, బాగా వినపడుతోందండీ."

ఆయన మూతి తుడుచుకుంటున్నట్టుగా అరచేతిని పైకెత్తి పెదాలకు అడ్డంపెట్టుకున్నాడు. ఆ చెయ్యి వెనక నుంచి ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే, "నీ మొగుడు ఒట్టి మూర్ఖుడు. నిన్ను ఇలా చేశాడు. అవునా?" అన్నాడు.

అక్క ఆ చేతిని చూసింది. ఒకసారి నా వైపు చూసింది. తర్వాత, పళ్ళ డాక్టరు దగ్గర వచ్చినవాళ్ళందరినీ చూసి నవ్వే నవ్వు నవ్వి, తల ఊపింది.

"అవునండీ. అలాగే చేద్దాం."

నాకు ఏడుపొచ్చింది. బావ చెయ్యి దించి, ఒక పీట లాక్కుని, కిటికీ వెలుతురు తన ముఖం మీద పడేలా ఆమె ఎదురుగా కూర్చున్నాడు. మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. ఒక్కో మాటా నెమ్మదిగా, పెదాలు బాగా కదిలిస్తూ చెప్పాడు. తప్పు తనదే అన్నాడు. రేపే వెళ్ళి ఇంకో ఫోన్ తెద్దామన్నాడు. ఇది రోజూ చెబుతున్నానని, ఆమె పలక్కపోతే కోపమనుకున్నానని కూడా చెప్పాడు.

అక్క ఈసారి నవ్వలేదు, తల ఊపలేదు. చివరి మాట దాకా చూసింది. చేతిలోని ఉప్పుకాగితం పక్కన పెట్టింది.

"నాకు వినపడనప్పుడు ఇంకా ఏమేం చెప్పారు?" అని అడిగింది.